నాయనమ్మ సందూకలోని నగలకు ఇంగ్లీషులో ఏ మాట వాడాలి?

మీ ప్రశ్న సారం ఇది. పరకాల దగ్గరి ఊళ్ళో మీ నాయనమ్మ సందూకలో పదకొండు రకాల నగలు దొరికాయి. వాటి మీద కళాశాలకు ఇంగ్లీషులో ఒక వ్యాసం రాయాలి. నిఘంటువు తీస్తే కడియానికి ‘బ్రేస్‌లెట్’ అని ఉంది, ఫోనులో అడిగితే ‘రింగ్’ అని వచ్చింది, ఒక వెండి దుకాణం వెబ్‌సైటులో చూస్తే ‘పాయల్’ అని కనిపించింది. ఈ మూడింటిలో ఏది సరైనదని అడిగారు. మూడూ కావన్నది నా జవాబు. ఎందుకు కావో చెప్పడానికి కడియం ఒక్కటే సరిపోదు కాబట్టి కాస్త నిడివిగా రాస్తున్నాను. నేను ఇరవై ఏళ్ళకు పైగా హనుమకొండలో ఉండి చేతివృత్తుల కేటలాగులకూ, ప్రదర్శనల్లో వస్తువు పక్కన పెట్టే చీటీలకూ ఇంగ్లీషు రాస్తున్నాను. ఈ పని నాకు నేర్పినదాంట్లో సగం నా తప్పుల వల్లనే వచ్చింది కనుక వాటిలో ఒకటి రెండు కూడా దాచకుండా చెబుతాను.

తెలుగులో మనం నగ ఆకారాన్ని చూసి పేరు పెడతాం. గుండ్రంగా, గట్టిగా, చేత్తో వంచితే వంగకుండా ఉంటే అది కడియం. అది ఒంటి మీద ఎక్కడ ఉంటుందో చెప్పవలసి వస్తే ముందు ఒక మాట చేర్చి కాళ్ళ కడియాలు, చేతి కడియం, దండకడియం అంటాం. ఇంగ్లీషు నడక దీనికి తలకిందులు. అక్కడ ముందు చోటు వస్తుంది, ఆకారం తర్వాత వస్తుంది. చీలమండ దగ్గర ఉంటే ‘యాంక్లెట్’, మణికట్టుకు ఉంటే ‘బ్రేస్‌లెట్’, మోచేతికి పైన ఉంటే ‘ఆర్మ్‌లెట్’. అదే వస్తువును కాలి నుంచి తీసి చేతికి వేస్తే తెలుగులో కడియం కడియంగానే ఉంటుంది, ఇంగ్లీషులో మాత్రం పేరే మారిపోతుంది. అందుకే నిఘంటువులో ఒక మాటకు ఎదురుగా ఒక మాట చూసి రాసుకుంటే నూటికి సగం సార్లు తప్పు వస్తుంది. ముందు ఆ నగ ఒంటి మీద ఎక్కడ కూర్చుంటుందో తేల్చుకోండి, దాన్నిబట్టి ఇంగ్లీషు నామవాచకాన్ని తీసుకోండి, ఆ తర్వాత ఆకారాన్ని విశేషణాలతో పూరించండి. తెలుగు పేరును మాత్రం వదలకండి. చీటీలో మొదటి మాట ఎప్పుడూ కడియం, మట్టె, పుస్తె అని మన పేరే ఉండాలి. ఇంగ్లీషు మాట దాని పక్కన నిలబడి వివరించాలే తప్ప దాని స్థానంలో కూర్చోకూడదు.

మీ కడియాలకు ‘యాంక్లెట్’ అన్న మాట చోటును బట్టి సరిపోతుంది, కానీ ఒంటరిగా వాడితే మోసం చేస్తుంది. ఇప్పటి ఇంగ్లీషు పాఠకుడికి ఆ మాట వినగానే సన్నని గొలుసు కనిపిస్తుంది. అమెరికాలో పొట్టి మేజోళ్ళను కూడా ‘యాంక్లెట్స్’ అంటారు. చాలా ఏళ్ళ క్రితం ఒక ఎగుమతి కేటలాగులో నేను కాళ్ళ కడియాలను ఉత్త ‘సిల్వర్ యాంక్లెట్స్’ అని రాశాను. బరువు గళ్ళో ఉన్న అంకె చూసి అవతలి వాళ్ళు, దశాంశ బిందువు ఎక్కడో జారిపోయినట్టుంది, సరిచేసి పంపండి అని జాబు రాశారు. బిందువు ఎక్కడికీ జారలేదు, నా వాక్యంలోనే ‘హెవీ’ అన్న మాట జారింది. అప్పటి నుంచి నేను ఇలా రాస్తున్నాను: ‘కడియం: పెయిర్ ఆఫ్ హెవీ, రిజిడ్ సిల్వర్ యాంక్లెట్స్, ఓపెన్ ఎట్ ద బ్యాక్, విత్ బడ్-షేప్డ్ టెర్మినల్స్’. మీరు పంపిన ఫోటోలో రెండు కొసలూ మొగ్గల్లా ఉన్నాయి కనుక ఈ వాక్యం మీకు దాదాపు అలాగే పనికివస్తుంది. ‘రిజిడ్’ అంటే గొలుసు కాదని తెలుస్తుంది. ‘ఓపెన్’ అంటే అతుకు లేదని, నోరు తెరుచుకుని ఉందని తెలుస్తుంది. నగల వర్ణనలో ఇలాంటి విడి కొసలను ‘టెర్మినల్స్’ అంటారు. ‘ఎండ్స్’ అన్నా తప్పు లేదు, కానీ కొస మీద పని ఉన్నప్పుడు ‘టెర్మినల్’ అనడం మేలు. కడియం వెనక వైపు తెరుచుకుంటుందా ముందు వైపా అన్నది మాత్రం ఫోటో చూసి రాయకండి, వేసుకున్నవాళ్ళను అడిగి రాయండి.

బరువు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. నాయనమ్మ అరవై తులాలు అన్నదని మీరు ‘సిక్స్‌టీ తోలాస్’ అని రాస్తే అది ఇంగ్లీషులో తప్పేమీ కాదు, ఆ మాట ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. చిక్కు లెక్కలో ఉంది. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములే. అరవై తులాల దగ్గర ఈ తేడా దాదాపు 100 గ్రాములు అవుతుంది. కాబట్టి ఇంట్లో చెప్పిన తులాలను వాళ్ళ మాటగా ఉదహరించండి, దాని పక్కన తూచి చూసిన గ్రాములు రాయండి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ తక్కెడ అయినా సరిపోతుంది.

కాళ్ళ దగ్గరే ఇంకా మూడు రకాలు ఉన్నాయి. పట్టగొలుసులు నిజంగా గొలుసులే కనుక ‘చెయిన్ యాంక్లెట్స్’. వాటికి చిన్న మువ్వలు ఉంటే ‘విత్ స్మాల్ బెల్స్’ అని చేర్చండి. గజ్జెలు యాంక్లెట్లు కావు. ఆటకో పాటకో కట్టుకుని తర్వాత విప్పేసేవి కనుక వాటిని ‘యాంకిల్ బెల్స్’ అనాలి. చప్పుడు గురించి రాసేటప్పుడు మన భాషకు ఉన్న వసతి ఇంగ్లీషులోనూ ఉంది, కానీ చాలామంది అన్నిటికీ ‘సౌండ్’ అని రాసి వదిలేస్తారు. గజ్జెలు ఘల్లుమంటే ‘జింగిల్’, చిన్న మువ్వ ఒక్కటి మోగితే ‘టింకిల్’, చేతి నిండా గాజులు గలగలమంటే ‘క్లింక్’, బరువైన కడియం ఒకదానికొకటి తగిలితే ‘క్లాంక్’. మీ నాయనమ్మ నడిచి వస్తుంటే వాకిట్లోనే తెలిసేదని మీరు రాశారు. ఆ వాక్యంలో ‘టింకిల్’ అని పెట్టారో, చదివేవాళ్ళకు చిన్నపిల్ల కనిపిస్తుంది.

మట్టెలకు ‘టో రింగ్స్’ అన్నది ఖాయం, అందులో వాదన లేదు. అయితే ఏ వేలికో చెప్పేటప్పుడు ఒక మెలిక ఉంది. కాలి వేళ్ళను ఇంగ్లీషులో బొటనవేలి నుంచి లెక్కపెడతారు కాబట్టి మట్టె ఉండే వేలు ‘సెకండ్ టో’. చేతి వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు లెక్కలోకి రాదు. చూపుడువేలే మొదటిది, ఉంగరపువేలు ‘థర్డ్ ఫింగర్’. మట్టెల గురించి, ఉంగరం గురించి ఒకే పేరాలో రాస్తే ఈ తేడా గుర్తుంచుకోండి, లేదా చేతికి అంకె వాడకుండా ‘రింగ్ ఫింగర్’ అనేయండి. మట్టెలు ఎందుకు వెండివే అన్న ప్రశ్నకు సాధారణంగా మన ఇళ్ళల్లో చెప్పే సమాధానం, నడుము కింద బంగారం వేసుకోరాదని. దాన్ని ఆచారంగానే రాయండి, ‘బై కస్టమ్’ అన్న రెండు మాటలు చాలు. నరాలూ గర్భాశయమూ అంటూ ఈ మధ్య వాట్సాప్‌లో తిరిగే శాస్త్రాన్ని దానికి తగిలించకండి.

గాజు అన్న మాట ఒక వింత. పదార్థం పేరే వస్తువు పేరు అయింది, ఆ తర్వాత వస్తువు పేరు పదార్థాన్ని మరిచిపోయింది. అందుకే మనం బంగారు గాజులు అని నిస్సంకోచంగా అంటాం. ఇంగ్లీషులో అది కుదరదు. అద్దపు గాజు అయితే ‘గ్లాస్ బ్యాంగిల్’ అని, బంగారపు గాజు అయితే ‘గోల్డ్ బ్యాంగిల్’ అని ప్రతిసారీ పదార్థం చెప్పాలి. ‘బ్యాంగిల్’ అన్నది హిందీ నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళిన మాట. మూత లేకుండా, ఒకే చుట్టుగా, చేయి ముడిచి ఎక్కించుకునేది అని దాని అర్థం స్థిరపడింది. కొక్కెమో మరో మూతో ఉండి, తెరిచి పెట్టుకునేదైతే ‘బ్రేస్‌లెట్’. గాజులకు ముందూ వెనకా వేసుకునే గోట్లు కూడా బ్యాంగిల్సే, వాటికి ‘థిక్’ అన్న విశేషణం చేర్చండి. ఇక పెండ్లిలో కట్టే కంకణం ఈ రెండిట్లో ఏదీ కాదు. అది పసుపు దారం. దాన్ని ‘బ్రేస్‌లెట్’ అని అనువదించిన పెండ్లి వర్ణన ఒకటి చదివాను, వరుడు వధువుకు నగ బహూకరించినట్టు అర్థం వచ్చింది. ‘టర్మరిక్-డైడ్ రిస్ట్ థ్రెడ్’ అంటే పొడుగే, కానీ నిజం.

ఎక్కువ జాగ్రత్త కావలసింది పుస్తెల దగ్గర. ఇంగ్లీషులో మీకు ఎదురయ్యే మాటలు నాలుగు, నాలుగింటిలోనూ లోపం ఉంది. మొదటిది ‘లాకెట్’. మన దగ్గర గొలుసుకు ఏది వేలాడినా లాకెట్టే. బయటి ఇంగ్లీషులో లాకెట్ అంటే డబ్బీలా తెరుచుకుని లోపల ఫోటోనో వెంట్రుకో దాచుకునే వీలున్నది మాత్రమే. తెరుచుకోనిది ‘పెండెంట్’. రెండోది ‘వెడ్డింగ్ చెయిన్’. ఇది గొలుసును చెబుతుంది, పుస్తెను మింగేస్తుంది. మనకు ముఖ్యం పుస్తె. తాడు పసుపు దారమైనా పుస్తె పుస్తెనే, గొలుసు ఎన్ని తులాలైనా పుస్తె లేకపోతే అది ఉత్త గొలుసు. మూడోది ‘తాళి’. దక్షిణాది ఇంగ్లీషు రాతల్లో దీన్ని చాలాసార్లు ‘టి’ తర్వాత ‘హెచ్’ పెట్టి రాస్తారు, అప్పుడది ఉత్తరాది భోజనపు పళ్ళెం స్పెల్లింగుతో కలిసిపోతుంది. వధువు మెడలో పళ్ళెం కట్టారని విదేశీ పాఠకుడు అనుకుంటే తప్పు అతనిది కాదు. నాలుగోది ‘మంగళసూత్ర’. ఇది ఇంగ్లీషు పత్రికల్లో బాగా నలిగిన మాట, చాలామందికి తెలుసు. చిక్కేమిటంటే, తెలిసినవాళ్ళ కళ్ళముందు సినిమాల్లో చూసిన ఉత్తరాది నల్లపూసల గొలుసు నిలబడుతుంది.

నేను చేసేది ఇది. మొదటిసారి పుస్తె అని మన పేరు రాసి, వెంటనే ‘మ్యారేజ్ పెండెంట్’ అని ఒక కుదురైన వివరణ ఇచ్చి, ఆ తర్వాత ఒకే వాక్యంలో చూసింది చూసినట్టు చెబుతాను. గుండ్రని చిన్న బంగారు బిళ్ళలు రెండు, ఒకటి పుట్టింటివారు పెట్టింది, ఒకటి అత్తింటివారు పెట్టింది, వాటి మధ్య ఎన్ని గుండ్లు, ఎన్ని పగడాలు, ఎన్ని నల్లపూసలు ఉన్నాయి, తాడు దేనిది. ఈ వాక్యం ఒక్కసారి రాశాక వ్యాసమంతా ధైర్యంగా పుస్తె అని వాడుకోవచ్చు, పాఠకుడు వెంట వస్తాడు. మీ నాయనమ్మ పుస్తెలు రెండిట్లో ఒకటి ఎక్కువ అరిగి ఉందని మీరు రాశారు. కారణం ఊహించకండి, అరిగిన సంగతి మాత్రం తప్పకుండా రాయండి. ‘వోర్న్ స్మూత్’ అన్న రెండు మాటలు, ఆ బిళ్ళ ఎన్నేళ్ళు ఒంటి మీద ఉందో చెప్పే పని చేస్తాయి.

నల్లపూసలను ‘బ్లాక్ పెర్ల్స్’ అనకూడదు. పూస ‘బీడ్’, ముత్యం ‘పెర్ల్’, పగడం ‘కోరల్’. నల్లముత్యం అనేది వేరుగా, చాలా ఖరీదైనదిగా ఉంది. గుండ్ల పేరును ‘గోల్డ్ బాల్స్’ అన్నవాళ్ళూ ఉన్నారు, దయచేసి వద్దు, ‘రౌండ్ గోల్డ్ బీడ్స్’ చాలు. లోపల బోలుగా ఉంటే ‘హాలో’ అనండి, లక్క నింపి ఉంటే ‘లాక్-ఫిల్డ్’ అనండి. పేటకు ‘స్ట్రాండ్’ సరిపోతుంది, రెండు పేటల గొలుసు ‘టూ-స్ట్రాండ్’ అవుతుంది. కంటె దగ్గర మాత్రం ఆగాలి. అది కడియంలాగే గట్టిగా, మెడ చుట్టూ నిలబడేది. దాన్ని ‘చోకర్’ అంటే మెడకు బిగుతుగా ఉంటుందన్న మాట వస్తుంది కానీ గట్టిదనం రాదు, ‘నెక్లెస్’ అంటే అదీ రాదు. యూరప్ పురావస్తు గ్రంథాల్లో ఇలాంటి గట్టి కంఠాభరణాన్ని ‘టార్క్’ అంటారు. పురావస్తువు చదివినవాళ్ళకు అది వెంటనే తెలుస్తుంది, మిగిలినవాళ్ళకు భౌతికశాస్త్రంలో చదివిన, వస్తువును తిప్పే ‘టార్క్’ గుర్తొస్తుంది. మీ వ్యాసానికి ‘రిజిడ్ నెక్ రింగ్’ మంచిది.

వడ్డాణం నాకు తల వంపులు తెచ్చిన మాట. పాత నిఘంటువులు దీనికి ‘గర్డిల్’ అని ఇస్తాయి. పాత కవిత్వంలోనూ, శిల్పాల వర్ణనలోనూ అది ఇప్పటికీ చెల్లుతుంది. వాడుక ఇంగ్లీషులో మాత్రం 20వ శతాబ్దమంతా ఆ మాట ఆడవాళ్ళు పొట్ట బిగించుకోవడానికి తొడిగే లోదుస్తుకు వాడబడింది కనుక నగల వ్యాసంలో నేను వాడను. ‘వేస్ట్‌బ్యాండ్’ అంటే ప్యాంటు పై అంచు. మిగిలింది ‘వేస్ట్ బెల్ట్’, అదే సరైనది. ఒక ప్రదర్శనకు నలభై చీటీలు ఫోనులో చదివి టైపు చేయించాను. నడుము అనే ‘వేస్ట్’, చెత్త అనే ‘వేస్ట్’ చెవికి ఒకటే. బంగారు వడ్డాణం పక్కన చెత్త బెల్టు అని అచ్చయి రెండు రోజులు అలాగే ఉంది. మూడో రోజు ఒక బడిపిల్ల వాళ్ళ టీచరుకు చూపించి నవ్వితే నాకు తెలిసింది. అప్పటి నుంచి స్పెల్లింగు నేనే టైపు చేస్తాను. పసిబిడ్డ మొలతాడును ‘వేస్ట్ కార్డ్’ అనండి. ఆడపిల్లలకు దానికి వేలాడదీసే వెండి సిగ్గుబిళ్ళకు ఇంగ్లీషులో జనసామాన్యమైన మాట లేదు. చిన్న వెండి ఆకు, మొలతాడుకు ముందువైపు వేలాడుతుంది, నడిచే వయసు ఆడపిల్లలకు వేసేవారు అని ఆకారమూ వయసూ చెప్పేస్తే చాలు.

ముక్కుకూ చెవికీ సంబంధించినవి త్వరగా చెబుతాను. ముక్కుపుల్ల ‘నోజ్ స్టడ్’. మన దేశపు ఇంగ్లీషులో ‘నోజ్ పిన్’ కూడా ఉంది, బయటివాళ్ళకు స్టడ్ బాగా తెలుసు. గుండ్రంగా చుట్టి వచ్చేది ‘నోజ్ రింగ్’. రెండు ముక్కుపుటాల మధ్య గోడకు వేలాడే బులాకీ ‘సెప్టమ్ పెండెంట్’. చెవికి పెట్టుకునే దేన్నైనా ‘ఇయర్‌రింగ్’ అనవచ్చు, రింగు ఆకారం ఉండాలన్న నియమం లేదు. విడదీసి చెప్పాలంటే కమ్మలు ‘స్టడ్స్’, పోగులు ‘హూప్స్’, బుట్టాలు ‘బెల్-షేప్డ్ డ్రాప్స్’, చెవి నుంచి జుట్టులోకి పోయే మాటీలు ‘ఇయర్ చెయిన్స్’. చెవి తమ్మె ‘లోబ్’, పై అంచు ‘హీలిక్స్’. ఇక్కడ ఎడమ కుడి గురించి ఒక మాట. ఫోటోలో మీ ఎడమవైపు కనిపించేది ఆమె కుడి ముక్కు. చీటీలో ‘వేరర్స్ లెఫ్ట్’ అని రాస్తే సందేహం ఉండదు. శిల్పాలకు దీన్నే ‘ప్రాపర్ లెఫ్ట్’ అంటారు. 1213 నాటి రామప్ప గుడి చూరుల కింది మదనికల, అంటే స్త్రీ శిల్పాల, నగలతో మీ నాయనమ్మ నగలను పోల్చాలనుకుంటున్నట్టు రాశారు కనుక ఈ మాట మీకు పనికివస్తుంది. శిల్పానికి కేయూరం (దండచేతికి), నూపురం (కాలికి), మేఖల (నడుముకు) అన్న సంస్కృత నామాలు వాడే పద్ధతి ఉంది. ఇంటి నగకు ఆ పేర్లు తగిలించకండి. రెండూ ఒకే చోట ఉండే నగలు అన్నంత వరకే పోలిక నిలుస్తుంది.

మీ వెబ్‌సైటు ‘పాయల్’ సంగతి తలనగల దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పాపిటబిళ్ళకు ‘మాంగ్ టీకా’, వడ్డాణానికి ‘కమర్‌బంద్’, బుట్టాలకు ‘ఝుంకా’, వంకీకి ‘బాజూబంద్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నంత మాత్రాన అవి ఇంగ్లీషు అయిపోవు. తెలుగు మాటను తీసి హిందీ మాటను పెట్టడానికి ఇంగ్లీషు వ్యాసం ఎందుకు? పాపిటబిళ్ళ ‘పెండెంట్ వోర్న్ ఆన్ ద ఫోర్‌హెడ్, హంగ్ అలాంగ్ ద హెయిర్ పార్టింగ్’. వంకీ ‘ఆర్మ్‌లెట్’, దాని వంపు చెప్పాలంటే తిరగేసిన ‘వీ’ అక్షరం అనండి. ‘ఆర్మ్‌బ్యాండ్’ అనకండి, అది సంతాపానికి కట్టుకునే నల్ల గుడ్డను గుర్తుచేస్తుంది. జడకుచ్చులు ‘బ్రెయిడ్ టాసెల్స్’.

మీ జాబితాలో నగ కానిది ఒకటి ఉంది, నాయనమ్మ మోచేతి కింది పచ్చబొట్టు. అది వ్యాసంలో ఉండాలా అని సందేహించారు. తప్పకుండా ఉండాలి, అయితే వ్యాసం పేరులో ‘జ్యువెలరీ’ తీసి ‘అడార్న్‌మెంట్’ పెట్టండి. పచ్చబొట్టు, గోరింటాకు, బొట్టు, పూలు అన్నీ ఆ మాట కిందికి వస్తాయి. పైగా ‘జ్యువెలరీ’కి బహువచనం లేదు, ‘జ్యువెలరీస్’ అన్న తప్పు కూడా తప్పుతుంది. పచ్చబొట్టుకు ‘టాటూ’ సరైన మాటే. 1769లో కెప్టెన్ కుక్ ఓడ తాహితీ దీవికి చేరినప్పుడు అక్కడివారి మాటను విని ఇంగ్లీషువారు తెచ్చుకున్నది. మనం పచ్చబొట్టు పొడిపించుకోవడం అంటాం కదా, యంత్రం లేకుండా సూదితో పొడిచే ఆ పద్ధతికి ఇప్పుడు ‘హ్యాండ్-పోక్డ్’ అన్న చక్కని మాట వాడుకలో ఉంది. రంగును ‘గ్రీన్’ అని పేరు చూసి రాయకుండా చర్మాన్ని చూసి రాయండి, ముసలితనంలో అది సాధారణంగా నీలి ఆకుపచ్చగా ఉంటుంది. గోరింటాకు ‘హెన్నా’, కానీ ‘హెన్నా టాటూ’ కాదు, అది మరక, పొడిచింది కాదు. బొట్టును ‘రెడ్ డాట్’ అనవద్దు. 1987లో అమెరికాలోని జెర్సీ సిటీలో భారతీయుల మీద దాడులు చేసిన ముఠా తనకు పెట్టుకున్న పేరులో ఆ ‘డాట్’ ఉంది, అక్కడి మనవాళ్ళకు ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది. కుంకుమ అయితే ‘కుంకుమ’ అనే రాయండి, అంటించుకునే స్టిక్కరయితే ‘బిందీ’.

లోహం పేర్లలో వ్యాపార భాషను నమ్మకండి. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. వన్ గ్రామ్ గోల్డ్ అంటే ఒక గ్రాము బంగారం అనే అర్థం ఇంగ్లీషు పాఠకుడికి తోస్తుంది, మీరు ‘గోల్డ్-ప్లేటెడ్’ అనండి. ‘స్టెర్లింగ్’ అంటే 92.5 శాతం వెండి అని లెక్క, పరీక్ష చేయించని పాత ఊరి వెండికి ఆ మాట వాడరాదు. ఉత్త ‘సిల్వర్’ అనండి, అనుమానం ఉంటే ‘వైట్ మెటల్’ అనండి. కరీంనగర్ వెండి తీగ పనిని ‘ఫిలిగ్రీ’ అంటారు కదా అని తీగ చుట్టిన ప్రతి కడియానికీ ఆ మాట పెట్టకండి. సన్నని తీగలను అల్లి, అతికి, మధ్య ఖాళీ కనిపించేలా చేసింది మాత్రమే ఫిలిగ్రీ.

మీ ఊరి పక్క తండాలో లంబాడా స్త్రీల నగల గురించి ఒక పేరా రాస్తానన్నారు. అక్కడ ‘ట్రైబల్ జ్యువెలరీ’ అని మొత్తంగా ఊడ్చేయకుండా లంబాడా అని పేరు పెట్టి రాయండి. ఆదిలాబాద్ గోండుల నగలూ, ములుగు కోయల నగలూ వేరే. ‘జిప్సీ’ అన్న మాట అసలే వద్దు, అది యూరప్‌లోని వేరే ప్రజలకు బయటివాళ్ళు పెట్టిన పేరు, అందులో ఈసడింపు ఉంది. చెంపల పక్కన వేలాడే టోప్లీలను చాలామంది ‘ఇయర్‌రింగ్స్’ అని రాస్తారు. దగ్గరికి వెళ్ళి చూడండి, అవి చెవికి కాదు, జుట్టుకు కట్టి ఉంటాయి. కనుక ‘హెయిర్ పెండెంట్స్’. మోచేతి పైదాకా వేసే బలియాలు అనే గాజులను ‘ఐవరీ’ అని కూడా అలవాటుగా రాసేస్తారు. ఒకప్పుడు దంతంతో చేసేవారు, ఇప్పుడు చూసేవి దాదాపు అన్నీ ప్లాస్టిక్కువి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ దాని సవరణలూ ఉండగా, చూడకుండా ఐవరీ అని రాయడం వాళ్ళ మీద నేరం మోపడమే అవుతుంది.

క్రియల గురించి ఒక్క పేరా. మనం ముక్కుకు పెట్టుకుంటాం, మెడలో వేసుకుంటాం, చేతికి తొడుక్కుంటాం, నడుముకు కట్టుకుంటాం, జడలో తురుముకుంటాం. ఇంగ్లీషుకు ఇన్ని లేవు, అన్నింటికీ ‘వేర్’ ఒక్కటే. ‘షి పుట్ బ్యాంగిల్స్’ అనే తెలుగు ఇంగ్లీషు మీ చిత్తుప్రతిలో మూడు చోట్ల ఉంది, మూడూ ‘వోర్’ చేయండి. క్రియలో లేని వైవిధ్యం అక్కడ విభక్తి స్థానంలో కనిపిస్తుంది: మణికట్టుకు ‘ఆన్’, మెడకు ‘రౌండ్’, చెవికీ ముక్కుకూ జుట్టుకూ ‘ఇన్’. కాలం విషయంలో, నాయనమ్మ ఇప్పటికీ పెట్టుకునేవాటికి ‘వేర్స్’, తీసి సందూకలో పెట్టినవాటికి ‘వోర్’ అని ప్రతి నగకూ విడిగా నిర్ణయించండి. పల్లె స్త్రీలు వేసుకుంటారు అని ఎప్పటికీ మారని వర్తమానంలో రాస్తే, కడియాలు తీసేసి ఎన్ని ఏళ్ళయిందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

చివరిగా మీ పదకొండో జత, ఇంట్లో ఎవరికీ ఏమిటో తెలియనిది. నోరు తెరిచిన వెండి కడియాలు, కాళ్ళవో దండచేతులవో చెప్పలేకపోతున్నామని అన్నారు. తెలుగులో మీకు ఇబ్బంది లేదు, కడియాలు అంటే సరిపోతుంది. ఇంగ్లీషులోనే చోటు తెలియకపోతే పేరు రాదు. దారం కాకుండా స్కేలు పెట్టి లోపలి వెడల్పును రెండు దిక్కులా కొలవండి. రెండు కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా ఉండి కోడిగుడ్డు ఆకారంలో ఉంటే కాలివి కావడానికి అవకాశం ఎక్కువ, చీలమండ గుండ్రంగా ఉండదు. తర్వాత కింది అంచును వేలితో తడిమి చూడండి. నేలకూ మడమకూ రాసుకున్న కాలి కడియానికి ఒక అంచు మీదే గీతలు ఎక్కువగా ఉంటాయి, దండకడియానికి లోపలివైపు నునుపు దేరి ఉంటుంది. అప్పటికీ తేలకపోతే సిగ్గుపడకుండా ‘ఆర్మ్ ఆర్ యాంకిల్ రింగ్స్’ అని రాసి, రెండు కొలతలనూ మిల్లీమీటర్లలో కింద ఇవ్వండి. ప్రదర్శనశాలల చీటీల్లో కూడా ఇలాంటి సందర్భంలో అలాగే రాస్తారు.